హైదరాబాద్‌లో పిజ్జా తినడానికి బయటికెళ్తే ఎలాంటి చోటు ఎంచుకోవాలి

ఏ పిజ్జా బాగుంటుందని ఎవరైనా అడిగితే నేను ముందు రెండు విషయాలు అడుగుతాను. ఎక్కడ తింటారు, ఎవరితో తింటారు? ఇవి తేలకుండా రెస్టారెంట్ల పేర్లు చెప్పుకుంటే లాభం లేదు. ఓవెన్‌లోంచి తీసిన రెండు మూడు నిమిషాల్లో తింటే అద్భుతంగా ఉండే పిజ్జా ఒకటుంది, దాన్నే అట్టపెట్టెలో పెట్టి జూబ్లీహిల్స్ నుంచి మియాపూర్ దాకా తెచ్చుకుంటే తడిసిన చపాతీలా సాగిపోతుంది. ఇంకోటి పెట్టెలో అరగంట ప్రయాణం చేయడానికే తయారైంది, దాని కోసం తయారై, కారు తీసి, పార్కింగ్ వెతుక్కుని షాపుకి వెళ్లి కూర్చోవడంలో ప్రత్యేకంగా దొరికేది ఏమీ ఉండదు. చాలామంది ఈ రెండింటినీ ఒకే త్రాసులో తూచి, ఆరువందలు పెట్టిన పిజ్జా కంటే రెండువందల పిజ్జానే బాగుందని తేల్చేస్తారు. తిన్న చోటు, తిన్న సమయం మారితే ఆ తీర్పు కూడా మారుతుంది.

ముందు చైన్ షాపుల సంగతి. డామినోస్, పిజ్జా హట్ రెండూ మన దేశానికి 1996లోనే వచ్చాయి, మొదటిది ఢిల్లీలో, రెండోది బెంగళూరులో. తెలుగువాళ్లలో చాలామందికి పిజ్జా అంటే ఎలా ఉండాలో నేర్పింది ఇవే: కాస్త మందంగా, మెత్తగా, కొద్దిగా తీపి తగిలే బేస్, దాని మీద బాగా చీజ్, ఉల్లిపాయ, క్యాప్సికం, మొక్కజొన్న, చివర్లో ఒరెగానో, చిల్లీ ఫ్లేక్స్ ప్యాకెట్లు. ఇలాంటి చైన్లలో ఎక్కువగా కదిలే బెల్ట్ ఉన్న ఓవెన్ వాడతారు. పిజ్జా ఒకవైపు నుంచి లోపలికి వెళ్లి ఆరేడు నిమిషాల్లో రెండోవైపు నుంచి బయటికొస్తుంది, ఎవరు చేసినా ఒకేలా వస్తుంది. నీరు తక్కువ ఉండే మొజరెల్లా వాడతారు కాబట్టి బేస్ త్వరగా నానదు. ఇదంతా డెలివరీ కోసం ఆలోచించి కట్టిన పద్ధతి, ఆ పనికి అది నిజంగా బాగుంది. వర్షం పడుతున్న రాత్రి, క్రికెట్ మ్యాచ్ నడుస్తున్నప్పుడు, ఇంటికి పిల్లల స్నేహితులు వచ్చినప్పుడు నేను వేరే ఆలోచన పెట్టుకోను, చైన్ నుంచే తెప్పిస్తాను. కానీ బయటికెళ్లి తిందామని ఇంట్లో అందరూ తయారయ్యాక మాత్రం అక్కడికి వెళ్లమని చెప్పను. ఒక్క మినహాయింపు పాన్ పిజ్జా. నూనె రాసిన గిన్నెలో కాల్చడం వల్ల దాని అడుగు వేయించినట్టు కరకరలాడుతుంది, ఆ కరకర టేబుల్ దగ్గర వేడివేడిగా ఉన్నప్పుడే ఉంటుంది, ఇంటికొచ్చేసరికి ఉండదు.

ఇక అసలు బయటికెళ్లి తినాల్సిన రకం, అంటే ఓవెన్ కళ్లకు కనిపించే చోటు. జూబ్లీహిల్స్, మాదాపూర్, కొండాపూర్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఇప్పుడు ఇలాంటివి బాగానే ఉన్నాయి. మెనూ మీద నియపోలిటన్ అనో సవర్‌డో అనో రాసి ఉంటుంది. సవర్‌డో అంటే సహజంగా పులిసిన పిండి, నియపోలిటన్ అంటే ఇటలీలోని నేపుల్స్ నగరం పద్ధతి. అక్కడ ఈ పద్ధతిని కాపాడుకోవడానికి 1984లో ఒక సంఘమే పెట్టుకున్నారు, పిజ్జా చేసేవాళ్ల ఆ కళను 2017లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సంఘం నియమాల ప్రకారం బేస్‌లో పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ తప్ప ఇంకేమీ ఉండకూడదు, చక్కెర లేదు, నూనె లేదు. ఓవెన్ వేడి 430 నుంచి 485 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలి తయారవుతుంది. మన ఇళ్లలో ఉండే ఓవెన్లు మామూలుగా 250 దాటవు, కాబట్టి ఇంట్లో ఎంత శ్రమపడ్డా అలా పొంగిన అంచు రాదు. బయటికెళ్లి డబ్బు పెట్టాల్సింది ఇంట్లో చేసుకోలేని దానికే అని నా నమ్మకం, అందుకే నా ఓటు ఈ రకానికి.

అయితే మొదటిసారి వెళ్లేవాళ్లు, ముఖ్యంగా చైన్ పిజ్జాకి అలవాటు పడినవాళ్లు, ప్లేటు ముందుకు రాగానే రెండు మాటలు అంటారు. అంచు మాడ్చేశారు, మధ్యలో పచ్చిగా వదిలేశారు. రెండూ చాలాసార్లు నిజం కాదు. అంత వేడిలో అంచు బెలూన్‌లా పొంగి అక్కడక్కడా నల్లటి మచ్చలు పడతాయి, అవి ఉండాల్సినవే, వాటిలోనే ఆ పిండి రుచంతా ఉంటుంది. మధ్యభాగం పలుచగా, మెత్తగా, టమాటా రసంతో, తాజా చీజ్ విడిచిన నీళ్లతో తడిగా ఉంటుంది, అదీ సహజమే. నిజంగా మాడిందో లేదో చూడాలంటే ముక్క ఎత్తి అడుగు చూడండి. మచ్చలు మచ్చలుగా ఉంటే సరైన పిజ్జా, అడుగంతా ఒకే నల్లటి పొరలా ఉండి నోట్లో చేదు తగిలితే మాడినట్టే. పచ్చిదో కాదో తెలియాలంటే అంచును చేత్తో విడదీయండి. లోపల గాలి గదులు కనిపిస్తే మంచిదే, బంకలా తీగలు సాగే పిండి కనిపిస్తే ఉడకలేదు, మొహమాటపడకుండా వెనక్కి పంపండి. మార్చి ఇవ్వమని అడగడం మీ హక్కు.

ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు. ఈ రకం పిజ్జాని నేపుల్స్‌లో ముక్కలు కోయకుండానే ప్లేట్లో పెట్టి ఇస్తారు, మనిషికి ఒకటి, ఫోర్కూ చాకూతో తింటారు. మన దగ్గర ఆరో ఎనిమిదో ముక్కలు కోసి చెక్క పలక మీద తెస్తారు, కోసిన గీతల్లోంచి రసమంతా కిందికి దిగి అడుగు నానిపోతుంది. కోయకుండా తెమ్మని చెప్పి, టేబుల్ దగ్గర మీరే ఒక్కో ముక్క కోసుకుంటూ తినండి, తేడా మీకే తెలుస్తుంది. ఫొటోలు తీయడం కూడా మొదటి నిమిషంలోనే ముగించేయండి, అందరికీ అన్నీ వచ్చేదాకా ఆగడం ఈ పిజ్జాతో కుదరదు. వచ్చిన పిజ్జాని వచ్చినట్టే అందరూ పంచుకుని, రెండోది వచ్చాక దాన్ని పంచుకోవడం మేలు.

కట్టెల ఓవెన్ ఉంటేనే వెళ్లాలా, గ్యాస్‌దైతే వద్దా అని అడుగుతారు. పిజ్జా లోపల ఉండేది నిమిషం, నిమిషంన్నర, అంతసేపట్లో పట్టే పొగ వాసన చాలా తక్కువ. అసలు పని చేసేది వేడి. మంచి గ్యాస్ ఓవెన్‌లోనూ అలాంటి పిజ్జా వస్తుంది, వేడెక్కని కట్టెల ఓవెన్‌లోంచి తెల్లగా పాలిపోయిన పిజ్జా కూడా వస్తుంది. ఓవెన్ రకం కంటే పిండిని ఎంతసేపు పులియబెడతారో అడగడం ఉపయోగం. చల్లటి చోట ఒక రోజో రెండు రోజులో పులిసిన పిండికి ఒక రుచి, ఒక తేలికదనం ఉంటాయి, ఉదయం కలిపి సాయంత్రం వాడే పిండిలో అవి రావు. ఇడ్లీ పిండి, దోసె పిండి పులియబెట్టుకునే మనకు ఈ విషయం ఎవరూ నేర్పక్కర్లేదు. సమాధానం తడుముకోకుండా చెప్పే చోటు సాధారణంగా మంచి చోటే.

చైన్ పిజ్జాకీ నియపోలిటన్‌కీ మధ్యలో న్యూయార్క్ పద్ధతి ఉంది. 1905లో ఆ నగరంలో లొంబార్డీస్ అనే షాపుతో మొదలైందని చెబుతారు. పిండిలో కొంచెం నూనె, చాలాసార్లు కొంచెం చక్కెర కలుపుతారు, వేడి తక్కువ, కాలే సమయం ఎక్కువ, కాబట్టి అడుగు గట్టిపడి ముక్కను మధ్యకు మడిచి చేత్తో పట్టుకుని తినొచ్చు. మామూలుగా 18 అంగుళాలు ఉంటుంది, ముక్కలుగా అమ్ముతారు. చైన్ పిజ్జా నుంచి ఒక మెట్టు పైకి వెళ్దామనుకునేవాళ్లకు, పచ్చిదనం, మాడటం గురించి టేబుల్ దగ్గర గొడవ వద్దనుకునేవాళ్లకు నేను సూచించేది ఇదే. మన నగరంలో పెద్ద స్లైస్ అమ్మే షాపులు కూడా చాలా వచ్చాయి, లా పినోజ్ లాంటివి, వాటిలో ఆకారం న్యూయార్క్‌దే అయినా రుచి మనది: పనీర్ టిక్కా, తందూరీ సాస్, పైన ఇంకో రెండు సాసులు. కాలేజీ పిల్లలు నలుగురు కలిసి తక్కువ ఖర్చులో కడుపు నింపుకోవాలంటే అవి చక్కగా పనికొస్తాయి. బేస్ రుచి తెలుసుకుందామని మాత్రం అక్కడికి వెళ్లకండి, ఆ సాసుల కింద బేస్ తెలియదు.

డెట్రాయిట్ పద్ధతి కొన్నిచోట్ల మెనూలో కనిపిస్తుంది. 1946లో ఆ కార్ల నగరంలో పుట్టింది, నలుచదరపు ఉక్కు ట్రేలో కాలుస్తారు, చీజ్ అంచుల దాకా వేయడం వల్ల పక్కలన్నీ ఎర్రగా గట్టిపడతాయి. బాగుంటుంది కానీ బరువు, మనిషికి రెండు ముక్కలు చాలు. లోతైన గిన్నెలో మందంగా కాల్చే షికాగో డీప్ డిష్ పిజ్జా మొదటిసారికి వద్దు, ఆకలి పెద్దగా ఉండి, ఆగే ఓపిక కూడా ఉన్న రోజు చూసుకోండి.

పబ్బులు, కాఫీ షాపులు, మల్టీ క్విజీన్ రెస్టారెంట్లలో మెనూ చివర ఉండే పిజ్జా గురించి ఒక్క ప్రశ్నతో తేల్చుకోవచ్చు: బేస్ ఇక్కడే చేస్తారా, తెప్పిస్తారా? తెప్పిస్తామంటే పాస్తానో ఇంకోటో చెప్పుకోండి. ముందే కాల్చి ప్యాకెట్లో పెట్టిన బేస్‌ను సూపర్ మార్కెట్లో కొనుక్కుని మనమే ఇంట్లో చేసుకోవచ్చు.

బేకరీ పిజ్జాని చాలామంది తక్కువ చేసి మాట్లాడతారు, నేను ఒప్పుకోను. వరంగల్‌లో, విజయవాడలో, రాజమండ్రిలో, హైదరాబాద్ గల్లీల్లో బేకరీ అద్దాల పెట్టెలో అరచేతంత ఉండే ఆ పిజ్జా, తీపి బన్ను లాంటి బేస్, టమాటా సాస్, ఉల్లిపాయ, క్యాబేజీ, పైన తురిమిన చీజ్, అది దాని పాటికి అది ఒక వంటకం. సాయంత్రం నాలుగున్నరకి టీతో పాటు తినడానికి అంతకంటే మంచిది తక్కువ. దాన్ని ఇటలీ పిజ్జాతో పోల్చాల్సిన పనే లేదు. ఒక్క జాగ్రత్త, ఎప్పుడు చేశారో అడిగి, పొద్దున చేసిందైతే వదిలేయండి.

ఇప్పుడు ఎవరితో వెళ్తున్నారన్నది. అమ్మానాన్నలనో అత్తమామలనో తీసుకెళ్తుంటే రుచి కంటే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది పళ్లు. రోమ్ పద్ధతి పలుచటి పిజ్జా అప్పడంలా విరుగుతుంది, కట్టుడు పళ్లున్నవాళ్లకు కష్టం. నియపోలిటన్‌లో మధ్యభాగం మెత్తగా ఉంటుంది, అంచు మాత్రం సాగుతుంది, దాన్ని మీరు తీసుకుని మధ్యది వాళ్లకివ్వండి. పాన్ పిజ్జా అందరికీ సులువు. రెండోది ఉల్లి, వెల్లుల్లి. కార్తీకంలోనో, శనివారమో ఉల్లి వెల్లుల్లి మానేసేవాళ్లుంటే చైన్ సాస్‌లు చాలావరకు కుదరవు, జైన్ పిజ్జా ఉందా అని అడగాల్సి వస్తుంది. నేపుల్స్ పద్ధతి మార్గరీటాలో సాస్ అంటే నలిపిన టమాటా, ఉప్పు, అంతే, వెల్లుల్లి ఉండదు, ఆ చోట్లలో అది సహజంగానే సరిపోతుంది, అయినా వంటవాళ్లను అడిగి నిర్ధారించుకోండి. వెల్లుల్లి ఉండేది మరినారా అనే రకంలో, అందులో చీజ్ ఉండదు.

మూడోది చాలా శాకాహార కుటుంబాలకు తెలియనిది. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మిజానో చీజ్‌ను దూడ కడుపులోంచి తీసే రెనెట్‌తో, అంటే పాలను విరిచే పదార్థంతో తయారుచేస్తారు, అక్కడి నియమమే అది. మన దేశంలో చేసే చీజ్‌లు ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసిన రెనెట్‌తో తయారవుతాయి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. మెనూలో పచ్చ చుక్క ఉన్నా, పైన దిగుమతి చేసిన పార్మిజాన్ తురుముతున్నారా అని ఒక్కసారి అడగండి, వద్దంటే మానేస్తారు. ఇంట్లో నిష్ఠగా ఉండే పెద్దవాళ్లకు ఈ మాట ముందే తెలిస్తే ప్రశాంతంగా తింటారు. మాంసం తినేవాళ్లయితే పెప్పరోని అనే సాసేజ్ ముక్కల గురించి అడగాలి. మామూలుగా అది పంది మాంసంతో చేస్తారు, గొడ్డు మాంసం కూడా కలుస్తుంది, మన నగరంలో చికెన్‌తో చేసినది కూడా బాగా వాడతారు. ఏది అన్నది వెయిటర్‌కి తెలియకపోతే వంటగదిలో కనుక్కుని చెప్పమనండి.

కారం లేదని పెద్దవాళ్లు అనడం మామూలే. దానికి పిజ్జా నిండా చిల్లీ ఫ్లేక్స్ చల్లడం కంటే చిల్లీ ఆయిల్ అడిగి పక్కన పెట్టుకోవడం నయం, పచ్చి కారపు ఘాటు లేకుండా నూనెతో పాటు కారం పడుతుంది. పిల్లలతో వెళ్తుంటే ఓవెన్ కనిపించే టేబుల్ అడగండి, పిండి ఉండ చేతుల్లో వెడల్పవుతుంటే చూస్తూ కూర్చుంటారు, ఫోన్ ఇవ్వాల్సిన పని ఉండదు. షుగర్ ఉన్నవాళ్ల కోసం మైదా లేని చోటు వెతుకుతుంటే ఒక మాట. జీరో జీరో పిండి అని గొప్పగా రాసేది కూడా పొట్టు తీసి చాలా మెత్తగా ఆడించిన గోధుమ పిండే, దాన్ని ముడి గోధుమ పిండిలా లెక్కేసుకోకూడదు.

కొత్త చోట మొదటి ఆర్డర్ విషయంలో నాది ఒకటే పద్ధతి, మార్గరీటా. టమాటా, చీజ్, తులసి జాతికి చెందిన బేసిల్ ఆకు, నూనె, ఇవి నాలుగే కాబట్టి దాచడానికి చోటుండదు. టమాటా పుల్లగా తాజాగా ఉందా, కెచప్‌లా తియ్యగా ఉందా, చీజ్ పాల రుచితో ఉందా, చల్లారగానే మైనంలా అయిపోతోందా, అంచు ఒట్టిగా తిన్నా బాగుందా, అన్నీ అందులోనే తెలిసిపోతాయి. నలుగురు వెళ్తే ఒక మార్గరీటా, మీకు నచ్చిన టాపింగ్‌తో ఇంకోటి చెప్పి, సరిపోకపోతే మూడోది చెప్పండి. లిక్విడ్ చీజ్ నింపిన బేస్, అన్నీ కుమ్మరించిన లోడెడ్ రకాలు మొదటిసారి వద్దు, వాటితో ఆ చోటు పనితనం తెలియదు.

సైజు దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. 7 అంగుళాల పిజ్జాలు రెండు కలిపితే 77 చదరపు అంగుళాలు, 10 అంగుళాలది ఒక్కటే 78 దాటుతుంది, 12 అంగుళాలదైతే 113. అంటే 10 నుంచి 12కి వెళ్తే రెండంగుళాలే పెరిగినట్టు కనిపించినా తినేది దాదాపు ఒకటిన్నర రెట్లు. మెనూలో స్మాల్, మీడియం అని మాత్రమే రాస్తే ఎన్ని అంగుళాలో అడిగి తర్వాత ధర చూడండి. 18 అంగుళాల పిజ్జాలో ఎనిమిదో వంతు ముక్క ఒక్కటే 7 అంగుళాల పిజ్జాకి కాస్త తక్కువంతే, దాన్ని మనిషికి రెండు చొప్పున చెప్పకండి, మిగిలిపోతుంది.

ఖర్చు విషయానికొస్తే ఓవెన్ ఉన్న మంచి చోట మార్గరీటా సుమారు 400 నుంచి 700 మధ్య ఉంటుంది, ఇద్దరు వెళ్తే రెండు పిజ్జాలు, ఒక సలాడ్, డ్రింకులు కలిపి రెండువేల దగ్గరికి వస్తుంది. బిల్లులో మామూలు రెస్టారెంట్ అయితే జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జ్ అని విడిగా వేస్తే అది కట్టి తీరాలనేం లేదు. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో దాన్ని రెస్టారెంట్లు తమంతట తాముగా బిల్లులో కలపకూడదని చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలను సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి, సర్వ్ చేసినవాళ్లు బాగా చూసుకుంటే ఆ డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి.

వెళ్లే సమయం కూడా రుచిని మారుస్తుంది. శని, ఆదివారాలు రాత్రి ఎనిమిదిన్నర తర్వాత వెళ్తే ఓవెన్ మీద ఒత్తిడి ఎక్కువ, ఒకటి తీసి ఒకటి పెట్టడంలో రాతిపలక వేడి తగ్గి అడుగులు తెల్లగా వస్తాయి. రోజుకిన్ని అని పిండి ఉండలు చేసుకునే చోట రాత్రికి పిండి అయిపోవడం కూడా ఉంటుంది. వారం మధ్యలో సాయంత్రం ఏడు లోపు వెళ్లండి. రాయదుర్గం, మాదాపూర్, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో స్టేషన్ల నుంచి ఆటో దూరంలో ఉన్న చోటు చూసుకుంటే పార్కింగ్ టెన్షన్ ఉండదు.

మిగిలితే మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టకండి, బేస్ రబ్బరులా సాగుతుంది. దోసె పెనం సన్నటి మంట మీద పెట్టి, నూనె లేకుండా ముక్క పెట్టి, మూత వేసి మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. మూత వేసే ముందు పెనం అంచున రెండు చుక్కల నీళ్లు చల్లితే ఆ ఆవిరికి పైన చీజ్ కరుగుతుంది, అడుగు మళ్లీ కరకరలాడుతుంది. నియపోలిటన్ రకం కూడా ఇలా చేస్తే మర్నాడు ఉదయానికి బాగానే ఉంటుంది.